ట్యాంకరు ఖాళీగా వెళ్ళిన ఉదయం

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు అంచున ఉన్న ఆ పాడి ఇంట్లో పాలు పితకడం ముగిసింది. ఆల్సీడ్ బూట్లు కడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి భార్య ఒడీల్, ప్లోయ్ అనే పలుచటి అట్లకు వెన్న రాస్తోంది. కూతురు జొసెట్ అతడి ముందు ఒక కాగితం పెట్టింది.

"ఏమిటే ఇది?"

"మన పాల పరీక్ష, నాన్నా. నేనే పంపాను. ఎన్నేళ్ళయినా నశించని రసాయనాలున్నాయట. బావి నీళ్ళలోనూ ఉన్నాయి."

"నన్నడక్కుండా పంపావా?"

"అడిగితే పంపనిచ్చేవాడివా?"

"నా ఆవులకి నేను గడ్డి పెట్టాను, విషం కాదు!"

"ఆ గడ్డికి నువ్వేం పెట్టావో, అది చెప్పు."

ముప్పై ఏళ్ళ కిందట పట్టణపు మురుగుశుద్ధి కేంద్రం లారీలకొద్దీ నల్లటి బురదను ఉచితంగా ఇచ్చింది. మేలైన ఎరువన్నారు; అతడు పొలమంతా చల్లాడు. కాగితపు మిల్లు వదిలిన నీరూ అక్కడికే చేరేదనీ, అందులోని రసాయనం ఏ శుద్ధికీ లొంగదనీ ఎవరూ అనలేదు. ఆ ఏడు గడ్డి నడుమెత్తు పెరిగింది.

"అరగంటలో డెయిరీ ట్యాంకరొస్తుంది. వాళ్ళడిగితే చూద్దాంలే."

"అడగరు. దీనికి వాళ్ళు పరీక్షే చెయ్యరు. ఆ పాలు నేను పోనివ్వను. కావాలంటే నన్ను తోసేసి గొట్టం తగిలించుకో."

"ఎవరి పొలమనుకుంటున్నావే ఇది?"

"అరవకు ఆల్సీడ్, ఆవులు బెదురుతాయి," అంది ఒడీల్.

అతడు కూలబడ్డాడు. "పొలం పోతే పోనీ. మరి నా తమ్ముడు రొసేర్‌కేం చెప్పను? ఆ బురద కంపు కొడుతోంది, వద్దన్నాడు వాడు. ముక్కుతో సేద్యం చేస్తావురా అని నేనే నవ్వాను. మొదటి లారీ వాడి చేలోకి తిప్పించింది నేనే."

"బాబాయి మనవరాళ్ళు ఇవాళ కూడా ఆ చేలోని బావి నీళ్ళే తాగారు, నాన్నా."

తెలియక చేసిన పనికి మనిషి ఎంతవరకు బాధ్యుడో అతడు తేల్చుకోలేకపోయాడు. తెలిసిన తరువాతి మౌనం మాత్రం తనదేనని అర్థమైంది.

ట్యాంకరు వచ్చింది. "గొట్టం తగిలించనా, పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

"వద్దు. పాలు చెడ్డవి. నా పేరు పెట్టే చెప్పు మీవాళ్ళకి."

"పోనీ, పారబోసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఎక్కడ పొయ్యను? ఏ నేల మీద పోసినా మళ్ళీ గడ్డిలోకే వస్తుంది!"

ట్యాంకరు వెనుదిరిగింది. ఆల్సీడ్ కాగితం పట్టుకుని, కంచె దాటి తమ్ముడింటికి బయలుదేరాడు. వద్దన్నా జొసెట్ వెంట నడిచింది.

రొసేర్ గుమ్మంలో నిలబడే కాగితం చదివాడు. లోపలికి వెళ్ళి, పారుతున్న కొళాయి కట్టేశాడు.

"తిట్టరా. తిట్టి పారెయ్," అన్నాడు ఆల్సీడ్.

"తిడతాను. జీవితాంతం తిడతాను." రొసేర్ కోటు తొడుక్కున్నాడు. "ముందు పద. ఆ బురద మన మొహాన కొట్టినవాళ్ళ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

అప్పుడు ఏడ్చాడు ఆల్సీడ్. ఏడుస్తూనే మెట్లు దిగాడు.