కొత్తలు చెయ్యని పువ్వు

"ఆగు! ఆగమంటే ఆగవేంది!"

లచ్చు కేక వేసేసరికే అంతా అయిపోయింది. కడవెడు నీళ్లు లావెండర్ మడిలో గుమ్మరించి, నీళ్లు మోసే పిల్ల కడవను బోర్లించి ఆఖరి చుక్క కూడా దులిపింది.

"ఏంది నీ లొల్లి?" అంది వెనక్కి తిరిగి. "ఆకులు బూడిద రంగుకొచ్చినయ్. ఇంక నాలుగు దినాలైతే కట్టెలైతయ్. మాలీవై ఉండి మొక్కల నోరెండబెడతవా?"

"దాని రంగే బూడిద! పుట్టినప్పటి నుంచి అంతే!"

"పుట్టుకతోనే ముసలిదా? పాపం, నీ చేతిల పడ్డదిగా, గట్లే ఉంటది."

అనేసి చక్కా పోయింది. లచ్చు తిరిగి తిట్టకుండా తడిమట్టిని తోడి పారెయ్యడం మొదలుపెట్టాడు. అది వింతే, ఎందుకంటే అతని నోరు భోపాలపట్నం అంతా ఎరిగిన నోరు.

బస్తర్ రాజ్యం రోజులవి. లచ్చు తర్లగూడ ఊరివాడు, దొర్ల తెగ కుర్రవాడు. జగ్దల్‌పూర్‌లో ఒక ముసలి తోటమాలి దగ్గర మూడేళ్లు పని నేర్చుకుని, భోపాలపట్నం డాక్ బంగ్లాలో మాలీగా చేరాడు. అడవుల శాఖ దొర భార్య ఊటీ నుంచి తెప్పించిన పన్నెండు లావెండర్ మొక్కలు అతని చేతిలో పెట్టి, "జాగ్రత్త" అని ఒక్క మాట చెప్పి వెళ్లింది. ఆనాటి నుంచి లచ్చు నేల మీద నడవడం లేదు. బస్తర్ మొత్తంలో లావెండర్ పెంచే మొనగాణ్ని నేనొక్కణ్నే అని సంతలో చెప్పుకునేవాడు. కాదని చూసొచ్చినవాళ్లు ఎవరూ లేరు కనుక అందరూ సరే అనేవారు.

నీళ్లు పోసిన పిల్ల పేరు లక్కే. ఊరి పూజారి ముసలయ్య కూతురు. బావి నుంచి బంగ్లాకు నీళ్లు మోసే పనికి కుదిరింది.

మర్నాడు లచ్చు మొక్కల మొదట్లో సున్నం చల్లుతుంటే ఆమె మళ్లీ వచ్చి నిలబడింది.

"సున్నం పెడుతున్నవ్. ఆకూ వక్కా ఏవి?"

"దీనికి సున్నపు నేల ఇష్టం. నీళ్లంటే గిట్టదు. ఎరువు ఎక్కువైతే కొవ్వెక్కి పూత పూయదు. నీకేమెరుక?"

"కొవ్వెక్కితే ఎట్లుంటరో నాకెరుకే. రోజూ చూస్తున్నగా."

లచ్చుకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. వారం తిరక్కుండానే పొద్దున్నే ఆమె తిట్లు వినకపోతే పని చేతికి రావడం మానేసింది. ఇది ఏ జబ్బో అతనికి తెలుసు. మందు కూడా తెలుసు. మేనమామ బుధ్రాను పిల్లనడగడానికి పంపాడు.

బుధ్రా తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ముసలయ్య చెప్పింది ఒకటే మాట: "పంట పండించేటోనికే నా పిల్లనిస్త. తినరాని గడ్డికి కావలి కాసేటోనికి గాదు."

పిల్లనివ్వననడం ఒక దెబ్బ. లావెండర్‌ను గడ్డి అనడం మరో దెబ్బ. లచ్చు రెండింటికీ ఆ పూట అన్నం మానేశాడు.

"మా నాయినను తిట్టుకుంట కూసుంటవా?" అంది లక్కే, కడవ దించి. ఈసారి నవ్వలేదు. "గడ్డి గాదని పూయించి చూపియ్యి. నాకూ గదే గావాలె."

"నీకూనా?"

"చెవుడు గూడ ఉందా నీకు?" అని కడవెత్తుకుని పరుగు తీసింది.

లచ్చు ఆ రోజు నుంచి మరో జానెడు పొడుగయ్యాడు.

కానీ వాన ఎవరి పొగరునూ చూసి కురవదు. ఆషాఢంలో మొదలైంది, పగలూ రాత్రీ ఒకటే ధార. నీళ్లు పోయకుండా కాపాడిన మొక్కలకు ఆకాశమే పోయడం మొదలుపెడితే లచ్చు ఎవరి మీద కేక వేస్తాడు? ఒక్కొక్కటే మొదలు కుళ్లి ఒరిగిపోయింది. అయిదు పోయాయి. ఏడు మిగిలాయి.

మడి పక్కన తడిసి ముద్దై కూర్చున్న లచ్చు ముందు ఒక గంపెడు ఇసుక దభీమని పడింది. ఆకుల గొడుగు కింద లక్కే.

"వానకేం చెయ్యాల్నో జగ్దల్‌పూర్‌ల చెప్పలేదా?"

"చెప్పలే," అన్నాడు లచ్చు. కుళ్లిన మొదలొకటి పక్కకు తీసి, "నాకు తెల్వదు, లక్కే" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

ఆమె మెత్తబడింది. "ఇంద్రావతి ఇసుక ఇది. మిరప నారు కుళ్లకుండ మేం బోదెలు ఎత్తుకడతం. సగం ఇసుక, సగం మట్టి, అడుగున గులకరాళ్లు. నీళ్లు పడుడు పడుడే జారిపోవాలె. లే, పార పట్టు."

మోకాలెత్తు గట్లలా బోదెలు పోశారు. ఏడు మొక్కలనూ మట్టిపెళ్లతో సహా లేపి వాటి మీద నాటారు. ఒకే మొక్కకు చెరో వైపునుంచి మట్టి అదుముతుంటే వేళ్లు తగిలాయి. లచ్చు చెయ్యి తీయలేదు.

"మట్టి వత్తమన్న, నా చెయ్యి గాదు," అంది లక్కే. ఆమె కూడా తీయలేదు.

ఆ ఏడు మొక్కలూ బతికాయి. మాఘం వచ్చేసరికి ప్రతి కొమ్మ కొసా వంగపండు రంగు పూల వెన్ను తీసింది. గాలి వీస్తే వాసన బాట దాకా వెళ్లి, సంతకు పోయేవాళ్లు ఆగి కంచె మీంచి చూసేవారు. లచ్చు ఛాతీ చొక్కాలో పట్టడం లేదు.

అంతలో కబురు: దొరసాని సాయంత్రానికి వస్తోంది. బల్ల మీద లావెండర్ గుత్తి ఉండాలని హుకుం.

లచ్చు కత్తెర తీశాడు. కంచె అవతల ముసలయ్య నిలబడి ఉన్నాడు.

"కొత్తలు చేసినవా?"

లచ్చు చెయ్యి ఆగింది. మామిడైనా, చిక్కుడైనా, ఇప్పపువ్వైనా, కొత్తగా వచ్చిన పంటను ముందు దేవతకు పెట్టి కొత్తలు చెయ్యనిదే ఆ ఊళ్లో ఎవరూ ముట్టరు.

"ఇది తినేది గాదు గదా, మామా?"

"గడ్డి అయితే కొయ్యి, నాకేంది. పంట అయితే కొత్తలు గావాలె. అది రేపు పొద్దుగాల. ఏదో నువ్వే చెప్పు."

కోస్తే గడ్డి అని ఒప్పుకున్నట్టు, లక్కే దక్కదు. కోయకపోతే నౌకరీ దక్కదు. లచ్చు పూల వంక చూశాడు, బోదెల వంక చూశాడు. కత్తెర మూసి మొలలో దోపుకున్నాడు.

సాయంత్రం దొరసాని ఖాళీ బల్ల చూసి అతన్ని పిలిపించింది. లచ్చు తల ఎత్తే తనకొచ్చిన హిందీలో చెప్పాడు: "మేమ్‌సాబ్, ఇది ఇప్పుడు ఈ ఊరి పంట. ముందు ఊరు ముట్టాలి, తరవాత మీరు. రేపు పొద్దున ఇస్తాను."

"నౌకరీ పోతుందని భయం లేదా?"

"ఉంది, మేమ్‌సాబ్."

ఆమె ఖాళీ పూలకుండీని పక్కకు జరిపింది. "అయితే రేపు నేనూ చూస్తాను" అంది.

పొద్దున్నే ఊరంతా మడి చుట్టూ చేరింది. ముసలయ్య ముగ్గు వేసి, కోడిగుడ్డు పెట్టి, గొంతెత్తాడు. "పండించిన ఇంటోళ్లు రాండ్రి. ఒక్క ఇంటోళ్లే పెట్టాలె. రెండిళ్ల చేతులు పడరాదు."

లచ్చు ముందుకొచ్చాడు. రెండడుగులేసి ఆగిపోయాడు.

ఒక్కడే వచ్చి పెడితే చాలు, ముసలయ్య గడ్డి అన్న మాట అక్కడే కొట్టుకుపోతుంది. కానీ ఆ బోదెలు ఎవరు నేర్పినవో అతనికి తెలుసు.

"నా ఒక్కని పంట గాదు, మామా," అన్నాడు అందరికీ వినబడేలా. "నాకు తెల్వక అయిదు చంపుకున్న. ఈ ఏడింటినీ లక్కే బతికించింది. నాదంటే అబద్ధం."

ఆడవాళ్ల గుంపులోంచి లక్కే నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, తల మాత్రం నిటారుగా ఉంది.

ముసలయ్య గొంతు సవరించుకున్నాడు. "రెండిళ్లోళ్లు పెట్టరాదని చెప్తినిగా."

"అయితే ఒక్క ఇల్లు చెయ్యి, నాయినా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలయ్య నవ్వలేదు. దొరసాని హుకుం వచ్చినా కత్తెర మూసినవాణ్ని చూశాడు. ఊరి ముందు తన కూతురి పనిని తన కూతురికే ఇచ్చినవాణ్ని చూశాడు.

"పంట పండించేటోనికే పిల్లనిస్తనన్న," అన్నాడు. "నా మాట నేను తప్పను. బుధ్రా, మాట్లాడుకుందాం రా. ముందు వీళ్లను పెట్టనియ్యి."

ఇద్దరూ ఒకే కొమ్మ పట్టుకుని మొదటి వెన్ను కోసి దేవతకు పెట్టారు. డోలు మోగింది. ఊరివాళ్లు తలో వెన్ను కొప్పుల్లో, తలపాగాల్లో దోపుకున్నారు. ఆఖరున ఒక గుత్తి కట్టి, ముసలయ్య తానే దొరసానికి అందించాడు.

"నా అల్లుని పంట అని చెప్పుర," అన్నాడు లచ్చుతో, ఛాతీ విరుచుకుని.

లచ్చు హిందీలోకి మార్చి చెప్పాడు: "లక్కే, నేను పండించింది, మేమ్‌సాబ్."

లక్కేకు హిందీ అంతంత మాత్రం. తన పేరు ముందు రావడం మాత్రం బాగానే తెలిసింది.