బాయికి దగ్గరి ఇల్లు

ఇల్లు మారాలనుకున్నప్పుడు గ్రేస్ పెట్టుకున్న షరతులు మూడే మూడు. బిడ్డ స్తుతి నడిచిపోయేంత దూరంలో బడి ఉండాలె. గల్లీ మొదట్లో కల్లు దుకాణం ఉండొద్దు. పెనిమిటి తిమోతి డ్యూటీకి దగ్గర కావాలె. మూడోదానికే ఆమె ఎక్కువ పట్టుబట్టింది. ఎందుకంటే చెన్నూరు నుంచి మంచిర్యాల దిక్కు బొగ్గుబాయికి రోజూ బండి మీద పోయొచ్చే మనిషి, మొన్న చలికాలం నైట్ షిఫ్ట్ దిగి వస్తూ కునుకు పట్టి లారీ కిందికి పోబోయిండు. ప్రభువు దయ, మోకాలు చిట్లడంతో పోయింది.

వెతకంగ వెతకంగ మంచిర్యాల చివర ఒక కొత్త కాలనీ దొరికింది. సిమెంటు రోడ్డు, ఎదురుగానే బడి, రెండు గల్లీల అవతల చర్చి. ఇంటామె లింగవ్వ ముసలిది. వెనుక రేకుల గదిలో ఒక్కతే ఉంటది.

"అవ్వా, బాయి దగ్గరనేనా ఇక్కడికి?" అని అడిగింది గ్రేస్.

ముసలామె జర సేపు ఆమె మొఖం దిక్కు చూసింది. "దగ్గరేంది బిడ్డా? నీ కాళ్ల కిందనే అనుకో. మా పెనిమిటి పర్శరాములు గూడ గా బాయిలనే పాయె."

"అయ్యో పాపం" అంది గ్రేస్. ఆమె పుట్టింది, పెరిగింది బొగ్గుబాయి క్వార్టర్లలో. బాయిలో పోయినోళ్ల ముచ్చట్లు చిన్నప్పటి నుంచి వింటనే ఉంది. ఆమె చెవికి బాయి అంటే బొగ్గుబాయే. నీళ్ల బాయి అనే మాట ఒకటుందన్న సోయి గూడ లేకపాయె. నిజంగానే తిమోతి పనిచేసే బాయి బండి మీద పది నిమిషాల తొవ్వ. ఇంకేం కావాలె? అదే రోజు ఇల్లు ఖాయం చేసింది.

వారం రోజులు సంబురంగానే గడిచినయి. తిమోతి మూడింటికి షిఫ్ట్ దిగితే మూడున్నరకల్లా ఇంట్లో ఉంటుండు. బిడ్డను భుజాల మీద ఎక్కించుకొని గల్లీ అంతా తిప్పుతుండు. అది చూసి గ్రేస్ కడుపు నిండింది.

తర్వాత వాసన మొదలైంది.

ముందు స్నానాల గదిలో నీళ్లు పోయే మోరి దగ్గర. కోడి పేగులు ఎండకు కుళ్లినట్టు, తడి గుడ్డలు మూటకట్టి మరిచిపోయినట్టు. ఫినాయిల్ పోసింది, బ్లీచింగ్ చల్లింది. థూ, పోతేగా! అన్నంలో అదే వాసన, దుప్పట్లో అదే వాసన. నీళ్లు పుక్కిలిస్తే నాలుక మీద జిగట. ముద్ద నోట్లో పెడితే కక్కొచ్చేది. స్తుతికి మాత్రం ఏ రోతా లేదు. బడి నుంచి రాంగనే పోయి మోరి పక్కన గొంతుక్కూచునేది.

"మమ్మీ, తాత గుంజుమంటుండు" అంది ఒకనాడు.

"ఏ తాతనే?"

స్తుతి మోరి దిక్కు వేలు చూపింది.

శనివారం పట్టపగలు మోరి జామైంది. నల్లటి నీళ్లు చీలమండల దాకా లేచినయి. మీద మీగడలాగ తెల్లటి కొవ్వు, దాంట్లో లుకలుకలాడుతూ పురుగులు. తిమోతి డ్యూటీలో ఉండె. గ్రేస్ చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కొని, ముక్కుకు కొంగు చుట్టుకొని, జాలీ తీసి చెయ్యి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. ఎంటికలనుకుంది. గుంజింది.

ఎంటికలు కాదు. కొబ్బరి పీచు తాడు. కుళ్లి, జిగురు పట్టి, చీము కారినట్టు కారుతున్న తాడు. మూరెడు వచ్చింది. బారెడు వచ్చింది... ఇంకా వస్తనే ఉంది...

ఆగింది.

కింది నుంచి ఎవరో తిరిగి గుంజిండ్రు.

"గుంజు..."

గొంతు మోరిలో నుంచే. బురద మింగుతున్న గొంతు.

గ్రేస్ చేతులు వదలాలనుకున్నయి. వదలలే. తలుపు దగ్గర స్తుతి నిలబడి ఉంది. "ఆపకు మమ్మీ" అని గుసగుసలాడింది. "తాత ఎక్కుతుండు."

తాడు వెంబడి మోరి అంచు మీదికి ఒక వేలు వచ్చింది. నీళ్లలో నాని ఉబ్బిన వేలు. గోరు లేదు. దాని తోలు జారి జాలీ మీద ఊడిపడ్డది.

వేళ్లను బలవంతంగా విడిపించుకొని వంటింట్లోకి ఉరికి చాకు తెచ్చింది గ్రేస్. తాడు మోరి అంచుకు బిగుసుకొనే ఉంది. కోసింది. ఎక్కడో లోతుల దబ్బున పడ్డ చప్పుడు. నీళ్లు గుటుక్కున దిగిపోయినయి.

"పడ్డడు" అని స్తుతి ఏడ్చింది.

బిడ్డను ఎత్తుకొని గ్రేస్ వెనుక గదికి ఉరికింది. "ఏముందవ్వా మా కింద?"

"బాయి" అంది లింగవ్వ. "నేను దాచిననా? మొదలే చెప్పిన గద బిడ్డా. ఎండకాలం మా పెనిమిటి పూడిక తియ్య దిగిండు. గుంజు, గుంజు అన్నడు. నా చేతుల తోలు ఊడిపోయింది. తాడు ఇడిసిన. ఒడ్డు కూలింది, మనిషి దొరకలే. అటెనుక ఊరి చెత్తంత తెచ్చి అండ్లనే పోసిండ్రు."

"నేను... కోసిన" అంది గ్రేస్.

ముసలామె గ్రేస్‌ను చూడలే. స్తుతిని చూసింది. రెండడుగులు వెనక్కి వేసి తలుపు గడియ పెట్టుకుంది.

ఆ సాయంత్రమే సామాను ఎత్తిండ్రు. ఇప్పుడుండేది బజారులో మూడో అంతస్తు. కింద దుకాణాలు, అంతా సిమెంటు. డ్యూటీ జర దూరమే. అయినా ఫికర్ లేదు. రెండు నెలలు వాసన జాడ లేదు. గ్రేస్ కడుపు నిండా తిన్నది.

నిన్న పొద్దున చర్చికి తయారు చేస్తుంటే స్తుతి దగ్గింది. "మమ్మీ, గొంతుల ఎంటిక అడ్డం పడ్డది."

"ఏదీ, నోరు తెరువు."

తెరిచింది. గుప్పుమని అదే వాసన. కొండనాలుక వెనుక గోధుమ రంగు పోగు ఒకటి. గ్రేస్ రెండు వేళ్లతో పట్టి మెల్లగా గుంజింది. బెత్తెడు వచ్చింది. మూరెడు వచ్చింది. తడి పీచు, జిగురు. గ్రేస్ వేళ్లలో ఉన్నది చాకుతో సాఫుగా కోసిన కొస.

ఆగింది... లోపలి నుంచి తిరిగి గుంజిండ్రు.

"గుంజు బిడ్డా... ఈసారి కొయ్యకు."

స్తుతి నోరు తెరిచే ఉంది. నాలుక కదలలే.