బొటనవేలి కింది స్విచ్

రేవు దగ్గర టికెట్ కౌంటర్ పక్కన బెంచీ మీద ముసలివాడి వేషంలో కూర్చున్న ఏజెంటుకి సైలెన్సర్ తుపాకీ తూటా సరిగ్గా కనుబొమల మధ్య తగిలింది. తెల్లగడ్డం ఊడి ఒళ్ళో పడింది. చచ్చిపోయినవాడు కుర్రవాడని పక్కనున్నవాళ్ళకి అప్పటికి గాని తెలియలేదు.

డిపార్ట్‌మెంట్‌లో ఇది మూడో హత్య. మర్నాడు మధ్యాహ్నం బాస్ తన గదికి డేగను పిలిపించాడు. డేగ అంటే సైఫర్ రూమ్‌లో రహస్య సందేశాలు టైప్ చేసే మనిషి. ఒకప్పుడు ఫీల్డ్ ఏజెంటు. ఆ పేరు అప్పటిది.

"ముగ్గురి అడ్రసులూ ఇద్దరికే తెలుసు," అన్నాడు బాస్. "నాకు. టైప్ చేసిన నీకు."

"నేను కాదు సార్."

"నేనూ కాదు. మరి గోడలకి చెవులున్నాయంటావా?"

గోడలకి లేవు. సైఫర్ రూమ్‌ని పొద్దున్నే మిషన్లు పెట్టి అంగుళం అంగుళం గాలించారు. ఎక్కడా ట్రాన్స్‌మిటర్ లేదు. బాస్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. కిందటి వారం డేగ టైప్ చేసిన సందేశాల్లో నాలుగో అడ్రసు కూడా ఉంది: పాత జెట్టీ, ఇవాళ సాయంత్రం చివరి పడవ. అది కూడా ముఠా చేతికి చిక్కే ఉంటుంది. ఆ పడవ ఎక్కబోయేది డేగ సొంత తమ్ముడు. పడవ కదిలేలోపు "రావద్దు" అని కబురు అందకపోతే తమ్ముడు దక్కడు. డేగ సైఫర్ రూమ్‌కి పరిగెత్తాడు.

డిపార్ట్‌మెంట్‌కి తుపాకీ మీద ఉన్న శ్రద్ధ, దాన్ని పట్టుకునే చేతి మీద ఉండదు. గోడలు దూకే రోజుల్లో డేగ కుడి భుజం దెబ్బతింది, కుడి చిటికెన వేలు విరిగింది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి పొద్దస్తమానం టైప్ చేయించారు. మణికట్టులో నరం నలిగి, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా చేతులు వణికే స్థితికి వచ్చాడు. పై ఆఫీసరుకి చెప్పుకుంటే, ముందు తన నడుము నొప్పి సంగతి వినమన్నాడు.

అప్పుడు వచ్చింది "చందనం". అది కోడ్ నేమ్. పైకి ఫిజియోథెరపిస్టు. లోపల, విదేశీ ముఠాలో మనవాళ్ళు పెట్టిన డబుల్ ఏజెంటు. ఆమె కారిడార్లో నడిస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లు ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుని చదివేవారు. ఆమె మాత్రం డేగ చేతులు తప్ప మరేదీ చూసేది కాదు.

భుజాల కొలత తీసుకుని, రెండు ముక్కలుగా ఉండే కీబోర్డు చేయించింది. ఎడమ ముక్క ఎడమ భుజానికి ఎదురుగా, కుడి ముక్క కుడి భుజానికి ఎదురుగా. చేతులు లోపలికి ముడుచుకోనక్కర్లేదు. ఎక్కువగా వాడే అక్షరాలన్నీ వేళ్ళు ఆనే చోటికే వచ్చేలా లేఅవుట్ మార్చింది. డేగ చిన్నపిల్లాడిలా మళ్ళీ మొదటినుంచి టైపింగ్ నేర్చుకున్నాడు. తర్వాత మీటల కింద ఉండే స్విచ్‌ల వంతు. టిక్కుమనేవి సైఫర్ రూమ్‌లో నిషేధం. సగంలో చిన్న గతుకు తగిలేవి, నేరుగా దిగిపోయేవి ట్రేలో పోసుకుని ఒక్కొక్కటే నొక్కించింది. "ఇది నొప్పిగా ఉందా?" అని అడిగేది. ఆ ఆఫీసులో ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

చివరికి ఒక్కో మీట కింద ఒక్కో రకం స్ప్రింగు పెట్టించింది. ఏ వేలి బలం దానిదే కదా అంది. చిటికెన వేలితో కొట్టే ఎంటర్‌ని బొటనవేలి కిందికి మార్చింది. అంతా బాగానే ఉంది గాని, విరిగిన చిటికెన వేలికి మాత్రం అన్నిటికన్నా గట్టి స్ప్రింగు వచ్చింది. వేలికి కాస్త వ్యాయామం ఉండాలని సర్దిచెప్పింది. డేగ నమ్మాడు. ఆమె మీద మనసు పడ్డవాడు నమ్మక ఏం చేస్తాడు? ప్రతి వారం థెరపీకి వచ్చినప్పుడు అరచేతుల కింది మెత్తలు తనే మార్చి, పాతవి సంచిలో వేసుకుని వెళ్ళేది.

ఇప్పుడు తమ్ముడికి కబురు పంపడానికి కూర్చోగానే, మొదటి దెబ్బకే చిటికెన వేలు చురుక్కుమంది. డేగ ఆగిపోయాడు. బలహీనమైన వేలికి గట్టి స్ప్రింగు ఏమిటి? కీబోర్డు మీదికి చెవి వంచి మీటలు ఒక్కొక్కటే నొక్కాడు. ఏ రెండిటి చప్పుడూ ఒకటి కాదు. ఆ స్ప్రింగులు ఎంచింది వేళ్ళ కోసం కాదు, చప్పుడు విని ఏ అక్షరమో పోల్చుకునేవాడి కోసం. పేపర్ నైఫుతో మెత్త చీల్చాడు. లోపల చొక్కా గుండీ అంత రికార్డర్. అది బయటికి ఏమీ పంపదు, కాబట్టి గాలించినా దొరకదు. వారానికోసారి ఆమే ముఠాకి మోసుకుపోతుంది.

అతనికి కోపం కన్నా ముందు సిగ్గు వేసింది. ఈ వయసులో, ఇంత సర్వీసు పెట్టుకుని, నొప్పిగా ఉందా అన్న ఒక్క మాటకి పడిపోయాడు.

వెనకే వచ్చిన బాస్ చీల్చిన మెత్త చేతిలోకి తీసుకుని చూశాడు. వెంటనే దొంగ కీబోర్డు పీకించి, స్టోర్స్ నుంచి మామూలుది తెప్పించాడు. డేగ పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు. ఆ పాస్‌వర్డ్ బారెడు పొడుగు. ఎక్కడా రాయకూడదు, పైకి అనకూడదు అన్నది రూలు. డేగ దాన్ని బుర్రలో కూడా దాచుకోలేదు. అది వేళ్ళలో ఉంది. ఆ వేళ్ళకి ఆమె నేర్పిన లేఅవుట్ తప్ప మరొకటి తెలియదు.

"మూడోసారి తప్పితే లైన్ రేపటిదాకా లాక్," అన్నాడు బాస్.

"అందుకే సార్. నా కీబోర్డు నాకివ్వండి."

బాస్ పళ్ళు కొరుక్కుంటూ ఇచ్చాడు. ఆ రోజు థెరపీ రోజని గుర్తొచ్చి, గార్డులతో గేటు మూయించడానికి పరిగెత్తాడు. ఆమె అప్పటికే బిల్డింగ్‌లో ఉందని అతనికి తెలియదు.

కిటికీ బయట ఎండ ఎర్రబడుతోంది. డేగ కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు వాటంతట అవే నడిచాయి. లైన్ తెరుచుకుంది. "వాన ఎక్కువగా ఉంది, గొడుగు తెచ్చుకోకు" అని కొట్టాడు. అన్నదమ్ములు పెట్టుకున్న కోడ్‌లో దానికి అర్థం, జెట్టీకి రావద్దని. ఇక ఎంటర్ నొక్కాలి.

"చేతులు పైకెత్తండి," అంది చందనం, గుమ్మంలోంచి. చేతిలో లిప్‌స్టిక్ అంత తుపాకీ. చీల్చిన మెత్త ఆమెకి కనబడుతోంది. మానిటర్ మాత్రం అటు తిరిగి లేదు.

"ఎత్తలేను మేడమ్. కుడి భుజం సగంలో ఆగిపోతుంది. మీకు తెలుసుగా."

ఆమెకి తెలుసు. ఆ భుజానికి ప్రతి వారం కాపడం పెట్టింది తనే. "అయితే మెల్లగా వెనక్కి లాక్కోండి," అంది.

డేగ మెల్లగా లాక్కున్నాడు. జారుతూ జారుతూ కుడి బొటనవేలు ఒక మీట మీద క్షణం ఆగింది. ఎంటర్ అక్షరం కాదు. దాని చప్పుడు ముఠాకి పనికిరాదు. అందుకని దాని కింద ఆమె నిజంగానే మెత్తటి సైలెంట్ స్విచ్ పెట్టించింది. ఆ కీబోర్డు మొత్తంలో అతని వేలి కోసం ఎంచినది అదొక్కటే.

చెవిటి కూలీ వేషంలో జెట్టీ మెట్లు దిగుతున్న ఒకడు చెవి మిషన్ సవరించుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. పడవలో ఇద్దరు తుపాకులు దాచుకుని అతని కోసం కాచుకుని ఉన్నారు. పడవ వాళ్ళనే మోసుకుని కదిలింది.

సైఫర్ రూమ్‌లో మానిటర్ బీప్‌మంది. "వాన తగ్గింది." తమ్ముడు క్షేమం.

"పంపేశారా?" అంది చందనం. "చప్పుడు రాలేదే."

"రాకుండా చేసింది మీరే కదా మేడమ్."

ఆమె ముఖంలో ఒక్క క్షణం నవ్వులాంటిది కదిలింది. వెనకనుంచి గార్డులు వచ్చి తుపాకీ లాక్కున్నారు. బేడీలు వేస్తుంటే డేగ ఉండబట్టలేక అడిగాడు.

"నా చేతులు చూసి ఎప్పుడైనా జాలేసిందా?"

"నొప్పి తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"మరింకేం," అని తలవంచుకుని వెళ్ళిపోయింది.

డేగ చాలాసేపు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తమ్ముడు బతికాడు. మిగతా ముగ్గురికి కూడా ఇళ్ళలో ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు. వాళ్ళ అడ్రసులు కొట్టింది ఈ వేళ్ళే. అదీ కులాసాగా, మణికట్టు నొప్పి లేకుండా కొట్టాయి. 

బాస్ తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తిడతాడనుకున్నాడు డేగ. కానీ బాస్ తన కుడి మణికట్టు నొక్కుకుంటూ, ఎవరూ వినడం లేదు కదా అని అటూ ఇటూ చూశాడు.

"నాకూ ఇలాంటి కీబోర్డు ఒకటి చేయిస్తానంది," అన్నాడు. "కొలతలు తీసుకుంది. వచ్చే వారం వస్తుందట."

"స్విచ్‌లు ఏవి చెప్పారు సార్?"

"ఆవిడ ఇష్టానికే వదిలేశానయ్యా."