కడుపులో కాపలా

ఓదెలును చంపింది ఒక ప్లేటు ఇడ్లీ.

నవ్వకండి. తుపాకులకూ కత్తులకూ దొరకని గూఢచారి అతను. 2006లో, అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ పోస్టర్లే కనిపించే రోజుల్లో, అక్కడి ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థి వేషంలో చేరాడు. దాన్ని నడిపేది 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా అని డిపార్ట్‌మెంట్ అనుమానం. ఒక పొద్దున ఇన్‌స్టిట్యూట్ మెస్‌లో పార్ట్‌నర్ విక్రమ్‌తో కలిసి ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్నాడు. మర్నాడు పంజాగుట్టలోని ఆస్పత్రిలో, ఒంట్లో నీరంతా పోయి, విక్రమ్ చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలాడు. విక్రమ్‌కు మాత్రం త్రేన్పు కూడా రాలేదు.

అప్పటినుంచి ఓదెలు అతన్ని వదలడం లేదు. బోరబండ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే చాలు, "జర జరుగన్నా" అని వినిపిస్తుంది. విక్రమ్ జరుగుతాడు. పక్కన ఎవరూ ఉండరు. అద్దం ముందు మొహం కడుక్కుంటుంటే వెనకనుంచి అదే గొంతు. "గా ఇడ్లీ నువ్వు సుత తిన్నవ్ గదన్నా?" బతికి ఉన్నందుకు విక్రమ్‌కు సిగ్గేసేది. ఒంటరిగా అన్నం ముందు కూర్చోవాలంటే భయమేసేది.

పంజాగుట్టలో, బయట ఇన్సూరెన్స్ బోర్డు వేలాడే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో చీఫ్, డాక్టర్ అచ్యుతరావు, ఫైలు మూశాడు.

"ఏంటయ్యా ఆ మొహం? కూర్చో. రిపోర్టు వచ్చింది. చట్నీలో క్రిమి ఉంది. ఇద్దరి కడుపుల్లోకీ వెళ్లింది. నీ కడుపులో ఇంకా ఉంది."

విక్రమ్ చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. "మరి నేనెట్ల బతికిన సార్?"

"నీ పేగుల్లో కాపురముండే బాక్టీరియా బతికించింది. పేగు లోపలి పొరలో ఒక రకం చక్కెర ఉంటుంది. కొన్ని బాక్టీరియా దాన్ని తెంపి పడేస్తాయి, కొన్ని వెంటనే తినేస్తాయి. తినేసేవే మన కాపలా. కాపలా చచ్చిందనుకో, చక్కెరంతా ఈ క్రిమికే. అది తిని బలుస్తుంది, విషం కక్కుతుంది. అందాకా పిల్లిలా పడుకుంటుంది."

"స్లీపర్ ఏజెంట్."

"కరెక్ట్. కోడ్‌వర్డ్ ఆ చక్కెర."

"ఓదెలుకు కాపలా ఏమైంది సార్?"

"ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్టూడెంట్లకు ఫ్రీగా పంచే మెమరీ టాబ్లెట్లున్నాయే, అవి యాంటీబయాటిక్. కాపలా మొత్తం ఊడ్చేసింది. వేషం చెడకూడదని వాడు ఒక్క పూట మానలేదు పాపం."

విక్రమ్ కుర్చీలోంచి లేచాడు. చెల్లెలు పింకీ చదివేది అక్కడే. ఆ గోలీలు వేసుకుంటే బుర్ర మస్తు పనిచేస్తోందని ఇంట్లో అందరికీ డబ్బా కొట్టుకుంటోంది.

"రేపు ప్లేస్‌మెంట్ లంచ్," అన్నాడు అచ్యుతరావు. "అక్కడే క్రిమిని వదులుతారు. ఆ పిల్లలు వాళ్లకు శాంపిల్. పడిపోతే, సరుకు పనిచేసిందని బయటి దేశాలకు అమ్ముతారు."

"బంద్ చేయిద్దాం సార్. మా చెల్లె ఉన్నది."

"ఆపితే క్రిమి సీసాతో సహా మాయమవుతారు. ఇంకో ఊళ్లో మొదలెడతారు. లోపల మన మనిషి ఉందిలే. శ్రీలేఖ, ప్లేస్‌మెంట్ ఆఫీసర్. రాజమండ్రి అమ్మాయి. వాళ్ల జీతం తీసుకుంటూ మనకు వార్తలు పంపుతోంది." డ్రాయర్‌లోంచి కాగితం పట్టీల చిన్న కట్ట తీశాడు. "క్రిమి తగిలితే ఎర్రబడతాయి. ల్యాబ్‌లో ఇవే మిగిలాయి. చూసి వాడు."

విక్రమ్ బయటికొచ్చి పింకీకి ఫోన్ చేశాడు. రేపు లంచ్‌కు పోవద్దన్నాడు.

"దిమాగ్ ఖరాబైందా అన్నా? ఆఫర్ లెటర్ గాడనే ఇస్తరు!" అంది పింకీ. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు అమీర్‌పేట ఫంక్షన్ హాల్లో విక్రమ్ కేటరింగ్ యూనిఫాంలో ఉన్నాడు. పెట్టుడు మీసం, కాలర్ కింద మైకు, చెవిలో ఇయర్‌పీస్. అన్న పక్కనుంచే పోయినా పింకీ గుర్తుపట్టలేదు. ఆఫర్ లెటర్ ఛాతీకి హత్తుకుని, ముందు వరసలో, శ్రీలేఖ పక్కనే కూర్చుంది. నీలం పట్టుచీరలో శ్రీలేఖ వెలిగిపోతోంది. ఆమె నవ్వితే చాలు, కుర్రాళ్లు ఇంటర్వ్యూలో చెప్పాల్సినవన్నీ మర్చిపోతారు.

విక్రమ్ నీళ్లు పోస్తూ వంగాడు. "ఎండ మస్తుగున్నది మేడం."

"సాయంత్రానికి వాన పడుతుందిలెండి," అందామె. కోడ్ కలిసింది. పెదవి కదలకుండా చెప్పింది. "డబుల్ కా మీఠా."

విక్రమ్ వంటగదిలోకి పరిగెత్తాడు. ముందుగా వడ్డించేవి కూడా చూద్దామని కూరలో పట్టీ ముంచాడు. తెల్లగానే ఉంది. పప్పు, సాంబారు, నీళ్లు అన్నీ క్లీన్. చివరి పట్టీ ఆ బ్రెడ్డు మిఠాయిలో పెట్టాడు. ఎర్రబడింది! బేసిన్‌ను స్టోర్‌రూంలో పెట్టి తాళం వేశాడు.

"శభాష్!" ఇయర్‌పీస్‌లో అచ్యుతరావు గొంతు. "మిషన్ ఓవర్. గేటు దగ్గర మనవాళ్లున్నారు. ఇక ముఠా పని పడదాం."

విక్రమ్ హాల్లోకొచ్చి గోడకు జారగిలబడ్డాడు. వారాల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. పింకీ బతికింది. హాల్లో పిల్లలు సాంబారన్నం జుర్రుకుంటున్నారు. వెనక గుమ్మంలోంచి కేటరింగ్ మనిషి పెద్ద బేసిన్‌తో వచ్చాడు. పెరుగన్నం. వడ్డన ముందు వరసలో మొదలైంది.

"అన్నా." చెవి పక్కనే ఓదెలు గొంతు. "మేడం లేస్తున్నది సూడు."

శ్రీలేఖ పెరుగన్నానికి చెయ్యి అడ్డం పెట్టింది. విస్తరి మడిచింది. లేచి, చేతులు కడుక్కోవడానికి నడిచింది.

విక్రమ్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. గోదావరి మనిషి పెరుగు మెతుకు నోట్లో పడకుండా విస్తరి ముందునుంచి లేవడమా? జ్వరమొచ్చి మూలుగుతున్నా మజ్జిగ చుక్కయినా పోయించుకుంటారే! మీఠా వద్దనేవాళ్లుంటారు, సాంబారు వద్దనేవాళ్లుంటారు. పెరుగన్నం మాత్రం ఈ హాల్లో ఎవరూ వదలరు. అది ఆమెకు తెలుసు. మీఠాను మనకు ఎరగా పడేసింది.

పట్టీలు అయిపోయాయి. అటు చూస్తే పింకీ ముద్ద కలిపి నోటిదాకా ఎత్తింది.

విక్రమ్ టేబుల్ మీంచి దూకాడు. ముద్ద ఉన్న చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు. పెరుగు ఆమె మొహమంతా చిందింది. కాలితో బేసిన్‌ను తన్నాడు. "ఎవ్వరూ ముట్టకుండ్రి!" అని గొంతు చించుకుని అరిచాడు. వెంటనే కాలర్ మైకులో గుసగుసగా, "సార్, శ్రీలేఖను పట్టండి! డబుల్ ఏజెంట్!"

గేటు దగ్గర బ్యాండ్‌మేళం డ్రెస్సుల్లో ఉన్న మనవాళ్లు ఆమెను పట్టుకున్నారు. సెంటు సీసాలో మిగిలిన సరుకు దొరికింది. పెరుగన్నం నిండా క్రిమే ఉందని సాయంత్రానికి ల్యాబ్ తేల్చింది. ఎవరి నోట్లోకీ ఒక్క మెతుకు పోలేదు.

ఆ క్షణాన హాల్లో మాత్రం, వడ్డించేవాడికి పిచ్చెక్కిందనుకుని అందరూ నవ్వుతున్నారు. దూకుడులో విక్రమ్ మీసం ఊడి పింకీ ఆకులో పడింది.

పింకీ మొహం తుడుచుకుని చూసింది. "అన్నా? నువ్వా?"

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి రుద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఇన్సూరెన్స్ ఆఫీసర్నని చెప్పి బంతిల వడ్డిస్తున్నవా బిడ్డా?"

 నిజం చెప్పకూడదని విక్రమ్ ప్రమాణం చేసిన ఉద్యోగం అది. ఎదురుగా పింకీ, చున్నీ మీద ఎండిన పెరుగు మరక, కోపంతో ఎర్రబడ్డ మొహం. ఇదే మొహం ఆస్పత్రి మంచం మీద ఎలా ఉండేదో అతనికి తెలుసు. కళ్లలో నీళ్లు ఆగలేదు.

అవి సిగ్గుతో వచ్చిన కన్నీళ్లనుకుంది పింకీ. కోపం దిగిపోయింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకన్నా. ఏ పనైనా తప్పు కాదు. కానీ జర మంచిగ నేర్చుకో. తినేటోళ్ల చేతిలకెళ్లి బువ్వ కొడితే టిప్పు ఎవడిస్తడు?"