నీరు కారని పెట్టె

దేశ రహస్యాలు దాచడం తేలికే. అత్త కూర్మమ్మ దగ్గర ఫోన్ ఛార్జర్ దాచడమే కష్టం. గంప దించకుండానే చేప ఎప్పుడు పట్టిందో చెప్పే మనిషి, కోడలి సూట్‌కేసుకు దొంగ అర ఉందని పెళ్లయిన మూడో రోజే కనిపెట్టింది. కోడలు భవాని గూఢచారి అన్న సంగతి ఒక్కటే ఇంకా తెలియదు. కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ చూసే ఉద్యోగమనుకుంటోంది.

2016 జూలై, కళింగపట్నం. ఉదయం ఆరింటికి చీఫ్ జగన్నాధం ఫోన్.

"యుద్ధంలో ఉన్న ఒక దేశం. పేరు అడగొద్దు. పిల్లలకు తట్టు టీకా వేయడానికి ఇరుపక్షాలూ మూడు రోజులు తుపాకులు దించుతున్నాయి. టీకాలు ఈ రోజే విశాఖలో షిప్పెక్కుతాయి. టీకా పొడిగా ఉంటుంది, కలిపే నీటిమందు వేరు. ఒక విదేశీ ముఠా అదే లేబుల్‌తో విషం నింపిన గాజు యాంపూల్స్ తయారుచేసింది. మీ ఊరి చేపల వ్యాన్‌లో పోర్టుకు చేర్చి, అక్కడ మార్చేస్తారు."

"మారిస్తే?"

"మొదటి రోజే పిల్లలు చనిపోతారు. ఆపైన ఏ తల్లీ బిడ్డను తీసుకురాదు. మిగతా పని తట్టే చూసుకుంటుంది. వ్యాన్లు ఎనిమిదికి కదులుతాయి."

భవాని గోడ వైపు చూసింది. అత్త రెండో కొడుకు ఫొటో. నాలుగేళ్లకే తట్టుతో పోయాడు. ఆ గోడ వైపు కూర్మమ్మ ముఖం పెట్టి కూర్చోదు.

మారువేషం వెతుక్కోనక్కరలేదు. అత్త వెనక గంప మోసే కోడలుగా రేవుకు వెళ్లింది. ఆఫీసు ఇచ్చిన థర్మామీటర్ లిప్‌స్టిక్ ఆకారంలో ఉంది. చేపల గంప మోసే మనిషికి లిప్‌స్టిక్ ఎందుకని ఆఫీసులో ఎవరూ ఆలోచించలేదు.

ముఠాలో ఉంటూ మనకు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్ హేమ, నల్లకళ్లద్దాలతో ఎగుమతి కంపెనీ మేనేజర్‌లా నిలబడి ఉంది.

"వంజరం ఉందా?"

"సందువాలే వచ్చాయి."

కోడ్ సరిపోయింది. మొదటి వ్యాన్‌లో నీలం పెట్టె అని హేమ గొణిగింది. భవాని దాన్ని అడుగుదాకా వెతికింది. చేపలే. రెండు వ్యాన్లలోని మిగతా పెట్టెల మీద థర్మామీటర్ పెట్టి చూస్తే, అన్నీ ఒకేలా సున్నా.

వెనక నుంచి కూర్మమ్మ కొంగు లాగింది. "ఒసే, రెండో బండిలో ఆ సివరి పెట్టి సూడు. అన్నిటి కిందా నీల్లు కారతన్నాయి. దానికి సుక్క లేదు. కింద మంచు ఎయ్యనేదు. మనోలు కట్టింది కాదది."

"అత్తా, నీకు తెలీదు. నువ్వూరుకో."

కూర్మమ్మ తన రొయ్యల గంప ఎత్తుకుంది. రెండో వ్యాన్ స్టార్టయింది. అప్పుడు వెలిగింది భవానికి: యాంపూల్‌లో మందు గడ్డకడితే గాజు పగులుతుంది. అందుకే అడుగున మంచు లేకుండా పైన మాత్రం పోశారు. థర్మామీటర్ చూసింది ఆ పైమంచునే.

పరిగెత్తి కదిలే వ్యాన్ డ్రైవర్ తలుపు పట్టుకుని ఇంజన్ తాళం లాగేసింది. వెనక హేమ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. గురి కుదిరేలోపు కూర్మమ్మ గంపెడు రొయ్యలు ఆమె నెత్తిన బోర్లించింది. ఎందుకో అడగలేదు; హేమ కోడలి మీదికి ఏదో ఎత్తింది, అంతే చాలు. కిందపడిన పిస్టల్‌ను భవాని అందుకుంది.

చివరి పెట్టెను ఇసుకలోకి దించి తెరిచింది. పైవరస చేపల కింద, ఎండుగడ్డిలో, వందలాది గాజు యాంపూల్స్.

"ఏటే ఇవి?"

భవాని చెప్పింది. తట్టు అన్న మాట వినగానే కూర్మమ్మ పక్కనే ఇసుకలో కూర్చుని, పెట్టె మూత తనే మూసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

పన్నెండేళ్ల సర్వీసులో ఏ శత్రువూ భవాని చేత ఏదీ ఒప్పించలేకపోయాడు. ఇప్పుడెవరూ అడగను కూడా లేదు.

"తప్పు నాదే అత్తా," అంది. "నీ మాట వినాల్సింది."