మూడుసార్లు విన్నాకే

కౌంటర్ మీద గంట మోగింది. ఆమె తల ఎత్తలేదు.

మళ్లీ మోగింది. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి, రెండు వేళ్లు చూపించింది.

"రెండు నిమిషాలా? రెండు గంటలా?" అన్నాడు తెల్ల కోటు పట్టుకుని నిలబడ్డ అబ్బాయి.

"ఇంకో చరణం."

"నేను బట్టలివ్వడానికి వచ్చానండీ, కచేరీకి కాదు."

ఆమె అప్పుడు తలెత్తి చూసింది. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. కుడి చెవిది మెడ పక్కగా కాలర్ లోపలికి దోపుకుంది. వెనకాల ఇస్త్రీ బల్లమీద ఆవిరి బుస్సుమంది. అక్కడ వాళ్ల పెద్దమ్మ ఒక ప్యాంటుతో యుద్ధం చేస్తోంది. పెద్దమ్మకి వినికిడి తగ్గి మూడేళ్లయింది. గంట మోగినా, గుమ్మం కూలినా ఆవిడకి ఒకటే. అందుకే ఆ లాండ్రీలో వినే పనంతా ఈ అమ్మాయిది.

అతను కౌంటర్ మీదకి వంగి ఆమె ఫోన్‌ని తలకిందులుగా చదివాడు. "ఓ, ఇదా! మొన్న వచ్చిన ర్యాప్. డ్రమ్స్ అన్నీ అరువు తెచ్చినవే. దండగ పాట."

"ఎన్నిసార్లు విన్నారు?"

"ఒకసారి. చాలదా?"

"ఒకసారి వింటే అభిప్రాయం కాదు, తుమ్ము. మూడుసార్లు విన్నాకే నోరు విప్పాలి."

అతని కళ్లు పెద్దవయ్యాయి. ఆ మాట ప్రపంచంలో పన్నెండు మందే అంటారు. 'శుక్రవారం చెవులు' అనే వాట్సాప్ గ్రూపులో మొదటి రూలు అది. ప్రతి శుక్రవారం కొత్తగా వచ్చిన హిప్ హాప్, సినిమాలకి చెందని ఇండీ పాటలు అందరూ వినాలి. మూడుసార్లు విన్నాకే మాట్లాడాలి, ఐదుకి మార్కులు వెయ్యాలి. అక్కడ ఎవరికీ పేర్లు లేవు, మారుపేర్లే. అడ్మిన్ ఒక లారీ డ్రైవర్. ఆయన పేరు హారన్.

"మీరు... ఇస్త్రీపెట్టా?" అన్నాడతను.

గ్రూపులో ఆమె పేరు అదే. పాటలో ఎక్కడ మడత కనిపించినా వదలదని హారన్ పెట్టాడు.

ఆమె పాట ఆపేసింది. "మీరెవరు?"

"డెసిబెల్."

"అమ్మో! ఏడుపు పాటలన్నిటికీ నాలుగున్నర వేసేది మీరేనా?"

"సగం పాటలకి ఒకటిన్నర వేసేది మీరేగా!"

వెనకనుంచి పెద్దమ్మ కేకేసింది. "అమ్మాయ్, ఆ బాబు ఏమంటున్నాడు? మరక పోలేదా?"

"ఇంకా పడలేదు పెద్దమ్మా," అని గట్టిగా అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

*

అతను రెండు వీధుల అవతల ఉన్న చెవి ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాడు. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, చిన్న చిన్న శబ్దాలు వినిపించడం, వినపడితే బటన్ నొక్కమనడం అతని ఉద్యోగం. వారానికొక తెల్ల కోటు మాసిపోతుంది. మంగళవారం లాండ్రీకి తెస్తాడు.

ఆ మంగళవారం తర్వాత కోట్లు మరీ శ్రద్ధగా మాయడం మొదలుపెట్టాయి.

లాండ్రీలో ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చుతారు. టోకెన్ నంబరు, మరక ఏమిటి, ఎక్కడ, కింద 'గమనిక'. ఆమె అతని చీటీ మీద ఇలా రాసేది.

*మరక: సిరా. చోటు: ఎడమ చేతి అంచు. గమనిక: వాన మీద ఏడు పాటల ఆల్బమ్ విన్నాను. ఏడింట్లోనూ వాన చప్పుడే. వాళ్లకి గొడుగు కొనిపెట్టండి. రెండు.*

అతను ఆ చీటీని జాగ్రత్తగా పీకి జేబులో పెట్టుకునేవాడు. మర్నాడు కోటు తీసుకోవడానికి వచ్చి కౌంటర్ దగ్గర దెబ్బలాడేవాడు.

"ముగ్గురమ్మాయిల బ్యాండుకి ఒకటిన్నరా? మీకు మనసుందా అసలు? ఆ గిటార్‌కే మూడు వెయ్యాలి!"

"ఏ గిటారు?"

"ఏ గిటారంటారేంటి!"

"ఉంటే కదా. ఆ పాటలో ముగ్గురూ పాడుతున్నారు, డ్రమ్ము మోగుతోంది. అంతే."

"అబ్బో, ఎంత వెటకారమండీ మీకు!" అని అతను కోటు భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు. ఆమె ఆ టైముకి తప్పకుండా బట్టలు మడతపెడుతూ ఉండేది. మడతపెట్టిన చొక్కానే మళ్లీ మడతపెట్టేదని పెద్దమ్మ ఒక్కతే గమనించింది.

ఇలా తొమ్మిది మంగళవారాలు గడిచాయి. తొమ్మిది సిరా మరకలు.

"పెన్ను మార్చరాదూ?" అంది ఆమె ఒకసారి.

"పెన్ను మంచిదేనండీ. చెయ్యే వినట్లేదు," అన్నాడతను, చెవుల దాకా ఎర్రబడి.

*

నెలలో ఆఖరి శుక్రవారానికి గ్రూపులో ఇంకో రూలు ఉంది. సభ్యుల్లో ఎవరైనా సొంతంగా చేసిన పాట ఉంటే హారన్‌కి పంపాలి. ఆయన ఎవరిదో చెప్పకుండా గ్రూపులో పెడతాడు. అందరూ మొహమాటం లేకుండా మార్కులు వెయ్యాలి.

ఆ నెల ఒకే ఒక్క పాట వచ్చింది. పేరు 'రెండో వైపు'.

ఆమె దాన్ని ఫోన్‌లో దించుకుని, చొక్కాలకి చీటీలు గుచ్చుతూ మూడుసార్లు వింది. బీటు ఆవిరి పెట్టె ఊపిరిలా ఉంది, రెండు బుసలు, ఒక విరామం. ఎవరో గొంతుని బొంగురుగా మార్చుకుని అడుగుతున్నారు.

*ఎక్కడికిరా ఈ పరుగు?*

తర్వాత ఖాళీ. బీటు మాత్రమే.

*ఎవరిదిరా ఆ గుమ్మం?*

మళ్లీ ఖాళీ.

*ఏముందిరా అక్కడ?*

ఖాళీ.

ఆమెకి ఆ ప్రశ్నలు ఎందుకో గుచ్చుకున్నాయి. జవాబు కోసం ఆఖరి క్షణం దాకా ఎదురుచూసింది. రాలేదు. ఒళ్లు మండింది. గ్రూపులో రాసింది.

"అడిగిన తీరు బాగుంది. కానీ జవాబేది? అడిగేసి పారిపోయాడు. ధైర్యం లేని పాట. రెండు."

హారన్ వెంటనే రాశాడు. "అదేంటి చెల్లెమ్మా! జవాబే కదా అదిరింది. గుండెల్లో తగిలింది నాకు."

"ఖాళీలోనే జవాబు ఉందని కవిత్వం చెప్పకండి అన్నయ్యా. నాకైతే జవాబు లేదు."

ఆ మాట రాసి ఫోను పక్కన పెట్టి, ఆమె ఒక దుప్పటి మడతపెట్టడానికి వెళ్లిపోయింది.

సాయంత్రం చూసేసరికి పాట గ్రూపులో లేదు. పెట్టినవాళ్లు తీసేయమన్నారని హారన్ చెప్పాడు.

తర్వాతి మంగళవారం అతను రాలేదు.

ఆ పై మంగళవారం ఆస్పత్రి నర్సు రెండు కోట్లు తెచ్చి ఇచ్చింది. ఆమె ఎడమ చేతి అంచు తిప్పి చూసింది. తెల్లగా ఉంది. కుడి చెయ్యి చూసింది. జేబు చూసింది. కోటు మొత్తం వెతికింది.

"ఏం పోయిందమ్మాయ్?" అంది పెద్దమ్మ.

"మరక పెద్దమ్మా."

"మరక లేకపోతే సంతోషించాలి గానీ ఏడుపు మొహం పెడతావేమే?"

ఆమె చీటీ తీసి 'మరక: లేదు' అని రాసింది. గమనిక దగ్గర పెన్ను చాలాసేపు ఆగిపోయింది. గ్రూపులో డెసిబెల్ కూడా మాట్లాడటం మానేశాడు. ఆ శుక్రవారం వచ్చిన మంచి పాటకి ఆమె నాలుగున్నర వేసింది. కాదనడానికి ఎవరూ లేరు. ఆ నాలుగున్నర చప్పగా ఉంది.

మూడో మంగళవారం ఉదయం పెద్దమ్మ తలుపుకి తాళం వేసింది.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"చెవి ఆస్పత్రికి. మూడేళ్లుగా నువ్వే తీసుకెళతానంటున్నావుగా. ఇవాళ నాకు బుద్ధి పుట్టింది, పద."

*

అతను వాళ్లని చూసి ఒక్క క్షణం కుర్చీకి అతుక్కుపోయాడు. తర్వాత లేచి, "రండి పెద్దమ్మగారూ," అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

పెద్దమ్మని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టాడు. ఎర్రది కుడి చెవికి, నీలంది ఎడమ చెవికి.

"శబ్దం వినపడగానే ఈ బటన్ నొక్కండి, బయట నా ముందు పచ్చ లైటు వెలుగుతుంది. ఎంత సన్నగా ఉన్నా సరే."

"వినపడకపోతే?"

"ఊరుకోండి."

"అది నాకు అలవాటేలే నాయనా."

పరీక్ష అయింది. ఎడమ చెవి కాస్త నయం, కుడిది మరీ తగ్గిందని, చిన్న మిషన్ పెట్టుకుంటే రెండూ బాగా పనిచేస్తాయని చెప్పాడు. పెద్దమ్మ తల ఊపి, బయట బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

లోపల ఇద్దరే మిగిలారు.

"కోట్లు నర్సుతో పంపిస్తున్నారు," అంది ఆమె.

"పనెక్కువైంది."

"మరకలు కూడా పడట్లేదు."

"జాగ్రత్తగా ఉంటున్నా." హెడ్‌ఫోన్స్ వైరు చుడుతూ మెల్లగా అన్నాడు. "అందరి ముందూ చెప్పేశారుగా, 'నాకైతే జవాబు లేదు' అని. ఇంక రావడం బాగోదని..."

"నేనా? ఎప్పుడు?"

"రెండు మార్కులు వేసి మరీ."

ఆమె నోరు తెరుచుకుంది. "ఆ పాట మీదా?"

"తెలియనట్టు అడుగుతారేంటండీ! అంత వివరంగా చెప్పాక కూడా తెలియదా?"

"ఏం చెప్పారు? మూడు ప్రశ్నలడిగి ఊరుకున్నారు!"

"ఊరుకోవడమేంటి? ప్రశ్న ఎడమ వైపు, జవాబు కుడి వైపు. పాట పేరే 'రెండో వైపు' కదండీ!"

ఆమె చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి వెళ్లింది. కాలర్ లోంచి కుడి చెవి ఇయర్‌ఫోన్ బయటికి లాగింది. దాని రబ్బరు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

ఇద్దరూ దాన్నే చూశారు.

"గంట వినపడాలి కదా..." అంది ఆమె సన్నగా. "పెద్దమ్మకి వినపడదు. ఒక చెవి కస్టమర్లకి వదిలేస్తాను. రెండేళ్లుగా అంతే."

"రెండేళ్లుగా?"

"రెండేళ్లుగా నేను సగం పాటలకి మార్కులు వేశానా!"

"ఆ గిటారు..."

"కుడి వైపు ఉందా?"

"మొత్తం కుడి వైపే ఉందండీ!"

ఆమె రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. అతను నవ్వాలా వద్దా అని చూసి, ఆగలేక నవ్వేశాడు. "ఆ వైరు తొమ్మిది మంగళవారాలు నా ఎదురుగానే ఉంది. పొద్దున లేస్తే ఒక్కో చెవి విడివిడిగా చూసేవాణ్ని, నాకు తట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే."

"పాట తీసేశారుగా?"

"తీసేశాను."

"నా ఫోన్‌లో ఉంది," అంది ఆమె. "రూలు కదా. మూడుసార్లు వినాలంటే దించుకోవాలి."

*

అతను ఫోన్‌ని యంత్రానికి కలిపాడు. ఆమె అద్దాల గదిలో కూర్చుంది. ఎర్రది కుడి చెవికి. నీలంది ఎడమ చెవికి. తలుపు మూసుకోగానే ప్రపంచంలోని చప్పుళ్లన్నీ బయట ఉండిపోయాయి.

అతని గొంతు మైకులోంచి వచ్చింది. "వినపడితే... బటన్ నొక్కండి."

రెండు బుసలు, ఒక విరామం.

*ఎక్కడికిరా ఈ పరుగు?* అంది ఎడమ వైపు బొంగురు గొంతు.

కుడి వైపు, ఏ మార్పూ లేని అతని సొంత గొంతు పలికింది.

*మంగళవారం కదా, నా కోటుకి జ్వరం వచ్చింది.*

*ఎవరిదిరా ఆ గుమ్మం?*

*గంట కొట్టినా తలెత్తని అమ్మాయిది. తలెత్తిందా, నా పని సరి.*

*ఏముందిరా అక్కడ?*

*మరక లేని కోటుకి నేనే సిరా పూసుకుంటున్నా. ఉతికితే పోని మరక ఒకటుంది. అది కోటు మీద లేదు. చీటీ మీద రాసుకో.*

పాట అయిపోయింది. అద్దం అవతల అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అతని ముందున్న చిన్న పచ్చ లైటు వెలగలేదు.

ఆమె మొహం ఎర్రగా ఉంది. తలెత్తి, అతని వైపు చూసి, రెండు వేళ్లు చూపించింది.

అతని మొహం పాలిపోయింది. "మళ్లీ రెండేనా?" అన్నాడు మైకులో.

ఆమె అడ్డంగా తల ఊపి, గదిలో ఉన్న మైకులో నవ్వింది. "ఇంకా రెండుసార్లు. రూలు రూలే."

అతను పాట మళ్లీ పెట్టాడు. రెండోసారి ఆమె కళ్లు మూసుకుని వింది. మూడోసారి పెట్టేటప్పుడు అతని వేలు తప్పు మీట మీద పడింది. సరిచేసుకుని, చేతులు కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

ఈలోగా పెద్దమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది.

"నాయనా, నేను నలభై ఏళ్లుగా మరకలు చూస్తున్నా. పొరపాటున పడ్డ సిరా చెదిరిపోతుంది. నీ కోటు మీద తొమ్మిదిసార్లూ గుండ్రంగా, బొట్టు పెట్టినట్టు పడింది. నాకు చెవులు లేకపోతేనేం, కళ్లున్నాయిగా."

అతను తల వంచుకున్నాడు. "మీకు కోపంగా ఉందా పెద్దమ్మగారూ?"

"ఏమన్నావు?"

"కోపంగా ఉందా అని!" గట్టిగా అడిగాడు.

"కోపమైతే ఇవాళ షాపు మూసి వస్తానా? చెవి ఇంకో మూడేళ్లు ఆగేది. ఈ పిల్ల మొహం చూడలేకపోయాను." పెద్దమ్మ యంత్రం వైపు వేలు చూపించింది. "అది అలాగే వెలుగుతుందేమిటి?"

అతను గభాలున తిరిగి చూశాడు.

పచ్చ లైటు వెలుగుతోంది. పాట ఎప్పుడో అయిపోయింది. అద్దం వెనకాల ఆమె తల వంచుకుని కూర్చుంది, రెండు చెవులకీ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. బటన్ మీద నుంచి బొటనవేలు తియ్యలేదు.