మేడమీద వెనక వాటా

కళ్ళద్దాల పిల్ల తలంతా తడిసి మెట్లు దిగి వచ్చేసరికి, టేపు అబ్బాయి వరండాలో నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. బయట వాన లేదు. మబ్బయినా లేదు.

“కుళాయి తిప్పమన్నాను కదండీ,” అన్నాడు తలెత్తి. “షవర్ తిప్పారా?”

“రెండూ ఒకేలా ఉన్నాయి. మీరేమో కింద నుంచి తిప్పండి, తిప్పండి అని ఒకటే కేకలు. చేతికి అందింది తిప్పాను.”

“నీళ్ళు ఎంతసేపు పడ్డాయి?”

“నా నెత్తి తడిసేదాకా పడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.”

“అంటే కింద వాళ్ళు కూడా తిప్పగానే పైన ఆగిపోయాయన్నమాట,” అంటూ అది కూడా రాసుకున్నాడు.

గుమ్మంలో కూర్చున్న పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు ఊరుకోలేదు, నవ్వుతో ఊగిపోతున్నాయి.

ఇంతకీ సంగతేమిటంటే, ఆ పిల్ల కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి ఇస్తుంది. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లను పెంచింది పిన్ని. పిన్ని పని ఊళ్ళోవాళ్ళ కిటికీలకు కర్టెన్లు కుట్టడం. తనకంటూ సొంత కిటికీ మాత్రం ఏనాడూ లేదు. ఖాళీ చేయమని ఇంటివాళ్ళు అన్నప్పుడల్లా సామాను సర్దుకుని ఇంకో ఇల్లు. ఇల్లు మారినా కర్టెన్లు అవే. కిటికీ పొట్టిదైతే అంచు లోపలికి మడిచి కుట్టేది, పొడుగైతే మడత విప్పేది. కత్తెర మాత్రం పెట్టేది కాదు. “వచ్చే ఇంట్లో కిటికీ ఎలా ఉంటుందో ఏమో” అనేది. ఆ మాట చెవిలో పడుతూనే పెరిగింది పిల్ల. ఎలాగైనా పిన్ని చేత ఆ మాట మాన్పించాలన్నది ఆమె పంతం.

అందుకే ఈ ఇల్లు చూసింది. కింద రెండు వాటాలు, మేడమీద రెండు. కింద వెనక వాటాలో తనూ పిన్నీ ఉంటారు, మిగతా మూడూ అద్దెకిచ్చి ఆ డబ్బుతో బ్యాంకు వాయిదా కడతారు. దాచుకున్న సొమ్ము ముందు కడితే మిగిలింది బ్యాంకువాళ్ళు అప్పుగా ఇస్తారు. ఇచ్చే ముందు ఇంటికి విలువ కట్టి రమ్మని ఒక మనిషిని పంపుతారు. ఆ మనిషే ఈ టేపు అబ్బాయి. ఏ ఇంటికి వెళ్ళినా అన్ని వాటాల్లో కుళాయిలూ ఒకేసారి తిప్పించి చూడటం అతనికి అలవాటు. నీళ్ళ ముందు ఏ ఇల్లూ అబద్ధం ఆడలేదంటాడు.

ఇల్లు అమ్మే ముసలాయన కింద ముందు వాటాలోనే ఉంటాడు. ఆయన నెలాఖరు దాకా గడువిచ్చాడు. అప్పటికి బేరం తేలకపోతే, ఇల్లు పడగొట్టి కార్ల షెడ్డు వేసుకుంటానంటూ ఒక ఆసామి రొక్కం పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

“అద్దెల లెక్క ఎలా వేశారు?” అడిగాడు టేపు అబ్బాయి, గోడను వేలితో తడుతూ.

“మూడు వాటాలు, మూడు అద్దెలు. వాయిదా పోగా కాస్త మిగులుతుంది కూడా.”

“మూడూ ఎప్పుడూ నిండే ఉంటాయా?”

“ఎందుకుండవు?”

“మేడమీద ముందు వాటాలో నర్సమ్మగారు ఉన్నారు, సరే. వెనక వాటా ఇప్పుడే ఖాళీ. స్నానానికి నీళ్ళు రాని ఇంట్లోకి ఎవరొస్తారండీ? ఒకటి ఖాళీ అనే రాసుకోండి. పన్నుకి, ఇన్సూరెన్సుకి, రిపేర్లకి కొంత పక్కన పెట్టండి. అప్పుడు చూడండి, మిగులుతుందో తగులుతుందో.”

“మీరు ఇంటికి విలువ కట్టడానికొచ్చారా, నాకు జ్వరం తెప్పించడానికొచ్చారా?”

“జ్వరం వస్తే షవర్ వల్ల వస్తుంది. నా వల్ల కాదు.”

పిల్ల విసవిసా నడిచి గేటు దాటింది. దాటింది కానీ, ఇంటికెళ్ళాక లెక్క మళ్ళీ వేసింది. అతను చెప్పినట్టు ఒక వాటా ఖాళీ పెట్టి, రిపేర్లు తీసేసి చూస్తే వాయిదాకు తక్కువే పడింది. కోపం లెక్క మీద నుంచి మనిషి మీదకు మళ్ళింది. అలా మనిషి మీదకు మళ్ళడమే వచ్చిన చిక్కు. రెండు రోజులు అతని మొహమే కళ్ళ ముందు.

మూడో రోజు ఆ మొహం నేరుగా దుకాణంలోకే వచ్చింది.

“చూపు పరీక్ష చేయించుకుందామని,” అన్నాడు.

“ఈ ఊళ్ళో ఇదొక్కటే దుకాణమా?”

“తల తుడుచుకున్నారో లేదో కూడా చూసినట్టుంటుందని.”

నవ్వు ఆపుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. చార్టులో పై వరసలు గడగడా చదివేశాడు. చివరి వరస దగ్గర తడబడ్డాడు.

“చదవండి.”

“అక్కడ కూడా అక్షరాలున్నాయా?”

“టేపు మీద గీతలు కూడా ఇలాగే చూస్తారా? మా ఇల్లు ఒక గది తగ్గించి రాసేసుంటారు.”

“తగ్గించనండీ. ఆ రోజు నుంచీ మీ ఇంటికి సంబంధించినవన్నీ నాకు ఉన్నదానికన్నా ఎక్కువగానే కనిపిస్తున్నాయి.”

సరదాకి అన్నాడు. అన్నాక తనే ఆగిపోయాడు. అతని మొహంలో నవ్వు సగంలో ఉండగానే ఏదో ఆలోచన అడ్డం వచ్చింది. కళ్ళద్దాలకు ఆర్డరిచ్చి, గబగబా వెళ్ళిపోయాడు. చెంపలు వేడెక్కి నిలబడ్డ పిల్లకు ఇదేం మనిషో అర్థం కాలేదు.

మర్నాడు బ్యాంకుకు వెళ్తే లోను మేడమ్ పిడుగులాంటి మాట చెప్పింది. “మీ ఇల్లు చూసినాయన రిపోర్టు రాయనని తిరిగి ఇచ్చేశాడమ్మా. ఇంకొకరు వచ్చి మొదటినుంచీ చూడాలి. వారం పైనే పడుతుంది.”

“నెలాఖరు ఎంతో దూరం లేదు మేడమ్.”

“నాకూ తెలుసు. ఏం చేయను?”

కళ్ళద్దాలు తీసుకోవడానికి అతను వచ్చినప్పుడు పిల్ల మొహం కూడా ఎత్తలేదు.

“చెవుల దగ్గర బిగుతుగా ఉన్నాయా?”

“లేదండీ. మీతో ఒక మాట...”

“మా ఇల్లు ఎందుకు వదిలేశారో చెప్తారా?”

“ఆ రిపోర్టు పూర్తయ్యేదాకా ఇంటి గురించి నేను మాట్లాడకూడదండీ.”

“అయితే మాట్లాడకండి. బిల్లు అక్కడ కట్టండి.”

పిన్నికి చెప్తూ ఏడ్చినంత పని చేసింది. పిన్ని దారం కొరికి, “ఆ అబ్బాయి పారిపోయే రకంలా లేడే,” అంది.

“నువ్వు ఒక్కసారి చూసి చెప్పేస్తావు.”

“కిటికీ కొలవడానికి ఒక్కసారి చూస్తే చాలు నాకు.”

తర్వాత ఇంటికి విలువ కట్టడానికి వచ్చింది టేపు అబ్బాయి ఆఫీసులోని పెద్ద సార్. జుట్టు నెరిసిన మనిషి. మెట్లెక్కలేక ఆయాసపడ్డాడు గానీ, వచ్చీరాగానే, “అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి,” అన్నాడు. పిల్ల ఈసారి షవర్‌కు దూరంగా నిలబడింది.

“ఇది మీరు నేర్పిన అలవాటా సార్, ఆయనకి?”

“ఎవరికి? మా వాడికా? నేనే నేర్పాను.” ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. “ఆ తడిసిన అమ్మాయి నువ్వేనన్నమాట.”

“ఆయన ఎందుకు వదిలేశారు సార్? ఇంట్లో ఏదైనా లోపముందా?”

“నేనూ అదే అడిగానమ్మా. పునాది కుంగిందా, గోడ బీటలిచ్చిందా అని. ఇల్లు బాగానే ఉంది సార్, నేనే బాగాలేను అన్నాడు. విలువ కట్టేవాడికి కొనేవాళ్ళ మీద మనసు ఉండకూడదు. ఉంటే చెప్పి తప్పుకోవాలి, అది మా పనిలో పద్ధతి. వాడు రాస్తే నీ మీద ఇష్టంతో విలువ పెంచేస్తాడని భయం, ఆ భయంతో మరీ తగ్గిస్తాడేమోనని ఇంకో భయం. ఈ రెంటి మధ్యా రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు మా వాడు.”

పారుతున్న కుళాయిని కట్టేయడం కూడా మర్చిపోయింది పిల్ల.

“ఇదంతా నేను చెప్పానని వాడికి చెప్పకు,” అన్నాడు పెద్ద సార్. “ఇక ఇంటి సంగతంటావా, ఇంటాయన అడిగేదానికన్నా తక్కువే రాస్తాను. పైకెళ్ళే పైపు పాడైంది మరి.”

అన్నట్టే తక్కువ రాశాడు. బ్యాంకు ఇచ్చే అప్పూ ఆ మేరకు తగ్గింది. తేడా పూడ్చడానికి ఆ పిల్ల దగ్గర ఇంకేమీ లేదు. ఒకప్పుడైతే ఎక్కడో ఒకచోట చేబదులు తెచ్చి కొనేసేదే. ఇప్పుడు ఖాళీ వాటా లెక్క ఆమె బుర్రలో కూర్చుంది. పెద్ద సార్ రాసిన ధర దాటితే ఇల్లు తనను పోషించదు, తనే ఇంటిని పోషించాలి.

గడువుకు ముందురోజు పొద్దున్నే ముసలాయన తలుపు తట్టింది.

“తాతగారూ, మీరడిగినంత నేనివ్వలేను, బ్యాంకు విలువ కట్టినంతే ఇవ్వగలను. పైన నీళ్ళు రావు. పైపు మార్చాలి.”

“ఆ సంగతి నాకు తెలుసమ్మా. చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే ముసలాణ్ణయిపోయాను. కానీ ఆ షెడ్డు ఆసామి పూర్తి రొక్కం ఇస్తానంటున్నాడే.”

“ఇస్తాడు. మరి మీరెక్కడికి వెళ్తారు?”

ఆయన అద్దెకు ఎక్కడో చూసుకోవాలనుకుంటున్నాడు గానీ, చూడటానికి కాళ్ళు రావడం లేదు.

“మీ వాటాలో మీరే ఉండండి,” అంది పిల్ల. “మంచం కూడా జరపక్కర్లేదు. అద్దె కట్టండి, రిపేర్ల గొడవ నాది. నాకు ఒక వాటా నిండుతుంది, మీకు ఇల్లు మారే బాధ తప్పుతుంది. ఇల్లు మారడమంటే ఏమిటో మా పిన్నిని అడగండి, చెప్తుంది.”

ముసలాయన పక్కనున్న గోడను ఒకసారి అరచేత్తో నిమిరాడు. “ఖాళీ చేయమనవు కదా?”

“మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరినీ అనరు.”

“పట్టుకెళ్ళి రాయించుకో, పో,” అన్నాడాయన.

రిజిస్ట్రేషన్ అయింది. పైపు మార్చారు. సామాను దింపిన రోజు సాయంత్రం గేటు చప్పుడైంది. కొత్త కళ్ళద్దాలతో టేపు అబ్బాయి.

“రిపోర్టు పనంతా అయిపోయింది కదా, ఇప్పుడు మాట్లాడొచ్చు,” అన్నాడు. “మేడమీద వెనక వాటా ఇంకా ఖాళీయేనా? అద్దెకి అడుగుదామని వచ్చాను.”

“నీళ్ళు వస్తాయో లేదో చూడరా?”

“మీరు తిప్పండి, ఈసారి షవర్ కింద నేను నిలబడతాను.”

పిల్ల చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. “లెక్క చెప్తాను వినండి. మీరు పైన అద్దెకు దిగితే నాకు ఆ ఒక్క వాటా అద్దె వస్తుంది. మీరు నచ్చలేదనో నేను నచ్చలేదనో ఏడాదికి ఖాళీ చేశారనుకోండి, మళ్ళీ నష్టం.”

“నేను ఖాళీ చేయనండీ.”

“మధ్యలో మాట్లాడకండి. అదే మీరు కింద మాతో సర్దుకున్నారనుకోండి. పైది ఇంకొకరికి ఇవ్వొచ్చు, వాయిదాకు మీ జీతం కూడా తోడవుతుంది. మీరే చెప్పండి, విలువ కట్టేవాళ్ళు కదా. ఏది లాభం?”

అతనికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడ్డాడు. “ఈ ఇంటికి నేను విలువ కట్టలేనని ముందే చెప్పేశాను కదండీ.”

“ఎవరికి చెప్పారు? నాకు చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్తున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం.”

లోపలినుంచి పిన్ని గొంతు వినిపించింది. “అబ్బాయీ, ఆ చెప్పేదేదో చెప్పేశావు కదా, టేపు తెచ్చావా?”

“తెచ్చానండీ.”

“ఇలా వచ్చి ఈ కిటికీ కొలువు. దాని మాటలకేం, రాత్రిదాకా ఆగవు.”

అతను వెళ్ళి కిటికీ పైనుంచి కిందిదాకా టేపు పట్టాడు. పిన్ని నేలమీద కర్టెన్ పరిచి, ఎన్నో ఇళ్ళ మడతలు ఒక్కొక్కటే విప్పింది. అతను చెప్పిన చోట సుద్దతో గీత గీసింది. అంచు లోపలికి మడవబోయి ఆగింది. పిల్లవైపు చూసింది, పిల్ల పక్కన నిలబడ్డ అబ్బాయివైపు చూసింది.

“గీత సరిగ్గా ఉందా అబ్బాయీ? కోశాక మళ్ళీ అతకదు.”

“సరిగ్గానే ఉందండీ. కళ్ళద్దాలు పెట్టుకునే చూశాను.”

పిన్ని కత్తెర తీసి, ఆ మిగులు గుడ్డను ఈ చివరినుంచి ఆ చివరికి కోసేసింది.